మాటిచ్చిన మధ్యాహ్నం

చట్టసభలో తొలి ప్రసంగానికి డాక్టర్ లేచిన రోజునే నేను అతని పరువు తీశాను. అతను నా పరువు తీయడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ప్రేమకథలు ఇలాగే మొదలవ్వాలంటారు. ఎలా ముగియాలో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు.

డాక్టరంటే మనుషుల డాక్టర్ కాదు, పశువుల డాక్టర్. అధికార పార్టీ మనిషి. కళ్ళజోడు, నలగని తెల్ల చొక్కా, బెదిరిన దూడను మచ్చిక చేసుకునేంత నిదానమైన గొంతు. ఆ రోజు పశువుల టీకాల గురించి చెబుతున్నాడు. ప్రతిపక్షంలో వెనక వరసలో కూర్చున్న నాకు నోరు ఊరుకోలేదు.

"ముందు మనుషులకి సరిగ్గా వేయించండి డాక్టరుగారూ! గేదెల సంగతి తర్వాత చూద్దాం!"

మావాళ్ళు బల్లలు చరిచారు. అతను కాగితం మీంచి తలెత్తి, కళ్ళజోడు పైకి తోసుకుని, వరసలన్నీ వెతికి నన్ను పట్టుకున్నాడు.

"అధ్యక్షా, బస్సు ఇంకా కదల్లేదు. కండక్టరుగారిని కాస్త కూర్చోమనండి."

ఈసారి సభ మొత్తం నవ్వింది. మావాళ్ళు కూడా. రాజకీయాల్లోకి రాకముందు నేను సిటీ బస్సులో కండక్టర్ని. కార్మిక సంఘం నిలబెడితే గెలిచాను. చట్టసభకు వచ్చినా ఆ పేరు నన్ను వదల్లేదు, నేనూ దాన్ని వదల్లేదు. కానీ అతని నోట్లోంచి వినేసరికి తల కొట్టేసినట్టయింది.

అంతకుముందే మా ఇద్దరికీ ఒక తలనొప్పి ఉంది. గే అని బాహాటంగా చెప్పుకుని ఆ సభకు గెలిచి వచ్చినవాళ్ళం మేమిద్దరమే. రాష్ట్రాల సభల్లో అప్పటికే ఒకరిద్దరు ఉన్నారు. జాతీయ సభలో మాత్రం మేమే మొదలు. ఇంకేం, ప్రమాణ స్వీకారం నాటినుంచే టీవీవాళ్ళు, తోటి సభ్యులు, ఆఖరికి లిఫ్ట్ నడిపే ఆయన కూడా మా ఇద్దరికీ ముడిపెట్టడం మొదలుపెట్టారు. ఎర్ర చొక్కా వేసుకున్నవాళ్ళు ఇద్దరున్నారని పెళ్ళి చేసేస్తారా?

ఆ సాయంత్రం క్యాంటీన్‌లో అతను ట్రే పట్టుకుని నిలబడ్డాడు. ఖాళీగా ఉన్నది నా ఎదురు కుర్చీ ఒక్కటే.

"కూర్చోవచ్చా?"

"ఖాళీ సీటుకి పర్మిషన్ ఎందుకండీ, కూర్చోండి."

"మీ ఎదురుగా కూర్చుంటే ఫోటో తీస్తారు. రేపు పేపర్లో పెళ్ళి చేసేస్తారు."

"భయపడకండి డాక్టరుగారూ. నాకు టేస్టుంది."

అతను నవ్వాపుకోలేకపోయాడు. నోట్లో ఉన్న టీ కాస్తా తెల్ల చొక్కా మీద పడింది. నా కడుపు చల్లబడింది. కాకపోతే ఆ నవ్వు బాగుందని కూడా అదే నిమిషంలో అనిపించింది. అందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

*

మమ్మల్ని కలిపింది టీవీవాళ్ళు కాదు. పిన్ని.

పిన్ని మా పార్టీ విప్. అంటే ఓటింగ్ వేళకు మా సభ్యులందరినీ ఎక్కడున్నా వెతికి సభలోకి తోలుకొచ్చే మనిషి. అన్ని పార్టీలవాళ్ళూ ఆవిణ్ణి పిన్నీ అనే పిలుస్తారు, భయపడుతూనే. ఒకరోజు నన్ను తన గదికి పిలిచింది.

"ఒరేయ్, గురువారం మధ్యాహ్నాలు నువ్వు సభకి రావొద్దు."

"నేనేం చేశాను పిన్నీ?"

"ఏం చెయ్యలేదు కాబట్టే. ఆ డాక్టర్ తల్లికి కిడ్నీలు పోయాయి. గురువారం మధ్యాహ్నం డయాలసిస్. అతను పక్కనుండాలి. వాళ్ళకున్నది బొటాబొటి మెజారిటీ, ఒక్కడు లేకపోయినా ప్రభుత్వానికి గండం. అందుకని వాళ్ళ విప్ పెయిర్ అడిగాడు. వాళ్ళవాడు లేని పూట మనవాడు ఒకడు కూడా ఓటెయ్యకుండా బయటుంటాడు. లెక్క సమానం."

"రాసిస్తారా?"

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "రాసేదేం లేదు. మాట. ఒకసారి తప్పినవాడికి ఈ బిల్డింగులో మళ్ళీ ఎవడూ ఇవ్వడు. వాడి తల్లి చావుబతుకుల్లో ఉన్నా ఇవ్వడు."

"మధ్యలో నేనే దొరికానా?"

"మిగతావాళ్ళంతా సభలో పనికొస్తార్రా."

అలా గురువారం మధ్యాహ్నాలు నాకు పని లేకుండా పోయింది. మొదటి గురువారం కుదురుగా ఉండలేకపోయాను. తల్లి పేరు చెప్పి ఈ పెద్దమనిషి ఏ సినిమాకో చెక్కేస్తున్నాడేమో చూద్దామని బయల్దేరాను. ఆసుపత్రి సభకు ఎదురుగానే ఉంది. మధ్యలో ఒక రోడ్డు, ఒక సిగ్నల్.

సినిమా లేదు, గినిమా లేదు. డయాలసిస్ వార్డు బయట బల్ల మీద కూర్చుని, తల్లి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, తెగిన పట్టీకి పిన్నీసు పెడుతున్నాడు.

"చెకింగ్‌కి వచ్చారా?" అన్నాడు తలెత్తకుండానే.

"అలవాటండీ. టికెట్ లేనివాళ్ళని మొహం చూసి పట్టేస్తాను."

"మరి నాకు టికెట్ ఉందా?"

అతను బల్ల మీద కాస్త పక్కకు జరిగాడు.

లోపల వాళ్ళమ్మ నన్ను చూడగానే గుర్తుపట్టింది. చేతికి గొట్టాలు, పక్కన గిర్రున తిరిగే మెషీన్, అయినా గొంతు మాత్రం ఖంగుమంది.

"నువ్వు ఆ మార్కెట్ బస్సులో కండక్టరువి కదూ? 'లోపలికి జరగమ్మా, లోపలికి జరగమ్మా' అని నా ప్రాణం తీసేవాడివి. లోపలికి ఎక్కడికి జరగను, డ్రైవర్ ఒళ్ళోకా?"

"తప్పైపోయిందమ్మా."

"ఏం తప్పులే. ఇప్పుడైనా కూర్చో."

కూర్చున్నాను. తర్వాతి గురువారం కూడా కూర్చున్నాను. ఆ తర్వాత నేను ఒక పూట ఆలస్యమైతే ఆవిడ నర్సును పంపి వెతికించేది.

డాక్టర్‌తో వాదించడానికి నాకు కావలసినన్ని విషయాలున్నాయి. బస్సు చార్జీలు, పాల ధర, వాళ్ళ నాయకుడి అహం, మా నాయకుడి నిద్ర. ఇద్దరం గొంతులు పెంచితే అమ్మ లోపల్నుంచి "మెషీన్ చప్పుడే నయం రా" అని అరిచేది. వాదన ఆపాక అతను బిస్కెట్ ప్యాకెట్ విప్పి ముందు నాకు పెట్టేవాడు. వేలు తగిలేది. ఇద్దరం తగలనట్టు నటించేవాళ్ళం. సభలో అంత బాగా నటించే మేము అక్కడ మాత్రం చాలా చెత్తగా నటించాం.

ఒక గురువారం బయటికొచ్చేసరికి కుండపోతగా వాన. అమ్మను అటెండర్‌తో కారులో పంపేసి ఇద్దరం సిగ్నల్ దగ్గర ఒకే గొడుగు కింద ఇరుక్కున్నాం. మనుషులకు పచ్చ లైటు పడింది. ఇద్దరం కదల్లేదు. ఎరుపు పడింది. మళ్ళీ పచ్చ.

"వెళ్ళట్లేదేం?" అన్నాను.

"మీరు వెళ్ళట్లేదని."

"మీరు వెళ్తారేమోనని నేను ఆగాను."

"పెయిర్ అన్నాక ఇద్దరూ కలిసే కదలాలిగా."

"డాక్టరుగారూ, ఇది సభ కాదు."

"అందుకే ధైర్యం చేస్తున్నాను," అని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వానలో తుడిస్తే ఏం లాభం! కళ్ళజోడు లేని ఆ కళ్ళతో నన్ను గుడ్డిగా, సూటిగా చూశాడు. "నాకు వారంలో గురువారం తప్ప ఇంకే రోజూ గుర్తుండట్లేదు."

నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. ఏదో వెటకారమే అయ్యుంటుంది. ముద్దు మాత్రం గుర్తుంది. వెనక ఎవరో హారన్ కొట్టారు, అదీ గుర్తుంది.

*

మేం మగవాళ్ళను ప్రేమిస్తామని ఊరంతటికీ తెలుసు. పోస్టర్ల మీద అచ్చేసుకున్నాం. అందులో దాచడానికేం లేదు. దాచాల్సి వచ్చింది పార్టీని.

"మగవాణ్ణి తెస్తావని చిన్నప్పుడే తెలుసురా," అంది మా అక్క. నేనుండేది ఆవిడ ఇంటి పై గదిలో. "ఆ పార్టీవాణ్ణి తెస్తావనుకోలేదు. సంఘం కోసం లాఠీదెబ్బలు తిన్న మన నాన్న ఫోటో ముందు ఎలా నిలబెడతావు వాణ్ణి?"

"ఫోటో తిప్పి పెడదామే."

"నిన్ను తిప్పి కొడతాను." కోపం చల్లారాక అడిగింది. "మంచివాడేనా?"

"తల్లి చెప్పులు బాగుచేసుకుంటాడు."

"అయితే సరే," అంది అక్క. నాకూ అప్పుడు అది చాలుననిపించింది. తల్లిని చూసుకునేవాడు ఎవరినైనా చూసుకుంటాడని అక్కాతమ్ముళ్ళం ఇద్దరం పప్పులో కాలేశాం.

ఇక తోడు బిల్లు సంగతి చెప్పాలి. మా నియోజకవర్గంలో ఇద్దరు దర్జీ అమ్మలుండేవారు. కింద షాపు, పైన ఇల్లు. వయసులో కలిసినవాళ్ళు ముసలితనం దాకా కలిసే ఉన్నారు. ఒకావిడ పోయింది. ఇంకో ఆవిడ ఏడుపు ఆగకముందే చనిపోయినావిడ అన్నకొడుకులు వచ్చి షాపుకి తాళం వేశారు. చట్టం వాళ్ళ వైపే ఉంది. మిగిలిన దర్జీ అమ్మ నా దగ్గరకొచ్చి ఇల్లు అడగలేదు. "నా కుట్టుమిషనైనా ఇప్పించు బాబూ" అంది. అదీ ఇప్పించలేకపోయాను. ఆ మనిషికి నువ్వేమవుతావంటే చెప్పడానికి ఆవిడకి మాట లేదు.

ఆ కోపంలోంచి పుట్టింది బిల్లు. కలిసి బతికే ఏ ఇద్దరైనా అధికారి ముందు సంతకం పెడితే చాలు, ఒకరికొకరు అయినవాళ్ళు. ఇల్లు, పింఛను, ఆసుపత్రి, అన్నిట్లో. పేరు పొడుగ్గా పెట్టాం గానీ జనం తోడు బిల్లు అన్నారు. ప్రభుత్వం వ్యతిరేకించింది. అయినా వాళ్ళలో కొందరు మాకు ఓటేస్తామన్నారు. అందరికంటే ముందు, మైకు ముందు నిలబడి చెప్పినవాడు డాక్టర్. ఎన్నికల్లో మాటిచ్చాడాయె.

"పాసైన మర్నాడు మొదటి సంతకం మనదే," అన్నాడు ఒక గురువారం, అదే బల్ల మీద.

"ఇది ప్రపోజలా?"

"నోటీసు. సవరణలుంటే ఇప్పుడే చెప్పు." అప్పటికి మీరు పోయి నువ్వు వచ్చింది.

"పార్టీలో ఉండనిస్తారా నిన్ను?"

"గెంటేస్తే మీ అక్క ఇంట్లో కింద గది ఖాళీ ఉందన్నావుగా."

"సవరణలేం లేవు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. లోపల్నుంచి అమ్మ "ఏంట్రా ఆ గుసగుసలు, నాక్కూడా చెప్పండి" అంది. చెప్పాం. ఆవిడ మెషీన్ లేని చేతిని ఎత్తి, ఇద్దరి తలలూ అందక, గాల్లోనే నిమిరింది. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

*

ఓటింగ్ బుధవారం సాయంత్రమని తేలింది. మంగళవారం డాక్టర్ ఫోన్ చేశాడు.

"గురువారం మెషీన్లు రిపేరట. అమ్మ డయాలసిస్ రేపు మధ్యాహ్నానికి మార్చారు."

"రేపా? రేపు బిల్లు కదా!"

"బిల్లు సాయంత్రం. మధ్యాహ్నం ఉన్నవి ప్రభుత్వం డబ్బుల పద్దులు, వాటికి పెయిర్ ఇవ్వు. అమ్మది అయిపోగానే ఇద్దరం కలిసి రోడ్డు దాటి వెళ్దాం. కలిసి లోపలికి అడుగుపెడదాం."

కలిసి అడుగుపెట్టడమన్న మాటకే నేను పడిపోయాను. పిన్నికి చెబితే మొహం చిట్లించింది. "నాకు ఇష్టం లేదు. అయినా ఆ పద్దులవరకే కదా," అంది.

బుధవారం మధ్యాహ్నం బల్ల మీద కూర్చున్నాం. గోడ మీద టీవీలో సభ కనిపిస్తోంది. గ్యాలరీలో ముందు వరసలో దర్జీ అమ్మ కూడా కనిపించింది, ఇస్త్రీ చీరలో. పద్దులయ్యాయి. తోడు బిల్లు మీద చర్చ మొదలైంది. అధికార పార్టీ నుంచి మాట్లాడాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచి "నేను మాట్లాడదలచుకోలేదు అధ్యక్షా" అని కూర్చోవడం మొదలుపెట్టారు. నాకు అర్థమయ్యేలోపు, సాయంత్రం దాకా సాగాల్సిన చర్చ అయిపోయింది. ఓటింగ్ గంట మోగింది. టీవీలోంచీ వినపడింది, రోడ్డవతల నుంచి కిటికీలోంచీ వినపడింది.

నా ఫోన్ మోగింది. పిన్ని.

"ఎక్కడున్నావురా? తలుపులు మూసేస్తారు! పరుగెత్తుకు రా!"

నేను లేచాను. డాక్టర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"పెయిర్ నేను తిరిగొచ్చేదాకా కదా."

"పద్దులవరకే అన్నావుగా! ఇద్దరిదీ ఒకే వైపు ఓటు! దీనికి పెయిర్ ఏంటి? పద, నువ్వూ రా!"

"అమ్మకి బీపీ పడిపోతోంది, ఇందాక లోపలికెళ్ళినప్పుడు నర్స్ చెప్పింది. నేను కదల్లేను."

"అయితే నేనొక్కణ్ణే వెళ్తాను."

"వెళ్తే మా విప్‌కి కనపడేది ఒక్కటే. డాక్టర్ లేనప్పుడు కండక్టర్ లోపలికొచ్చాడు. మాట తప్పాడు. రేపటినుంచి అమ్మ కోసం నాకు పెయిర్ ఎవరిస్తారు? నువ్వే చెప్పు. గురువారాలు ఆవిడ ఒక్కతే పడుకోవాలా ఇక్కడ?" గొంతు తగ్గించాడు. "లెక్క చూశాను. మనిద్దరం లేకపోయినా గెలుస్తుంది. నా మీద నమ్మకం లేదా?"

ఫోన్‌లో పిన్ని అరుస్తూనే ఉంది. అద్దం తలుపులోంచి అమ్మ కళ్ళు మూసుకుని కనిపించింది. నేను కూర్చున్నాను. ఫోన్ పెట్టేశాను. ప్రేమిస్తే నమ్మాలి కదా, నమ్మాను.

గంట ఆగిపోయింది. తలుపులు మూశారు. డాక్టర్ చెయ్యి నా చేతిలోనే ఉంది. చల్లగా, చెమటగా ఉంది. బిల్లు గురించి భయపడుతున్నాడనుకున్నాను.

కావలసినదానికి ఒక్క ఓటు తక్కువైంది.

*

సభ మెట్ల మీద దర్జీ అమ్మ నాకోసం ఆగి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"లోపల కనపడలేదేం బాబూ? ఒంట్లో బాగోలేదా?" అని నా నుదురు తాకి చూసింది. నేను నిలువునా చచ్చిపోయాను.

పిన్ని కూడా తిట్టలేదు. "నీ మీద కోపం లేదురా, నమ్మకం లేదు. కోపమైతే తగ్గుతుంది," అంది.

ఆ వారం తిరగకుండానే మంత్రివర్గంలో మార్పులు చేశారు. డాక్టర్ మంత్రి అయ్యాడు. దేశంలో మొట్టమొదటి గే మంత్రి! ఏ పేపర్ చూసినా అతనే, ఏ ఛానెల్ పెట్టినా అదే తెల్ల చొక్కా. జనం నిజంగానే ఏడ్చారు. ఎవరో ఒక అబ్బాయి 'మిమ్మల్ని చూసి ధైర్యం వచ్చి మా అమ్మకి ఇవాళ చెప్పేశాను' అని రాస్తే టీవీలో చదివి వినిపించారు. నాకూ కళ్ళు తడయ్యాయి. పిచ్చివాణ్ణి. నా డాక్టర్ గెలిచాడని పొంగిపోయాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. బిజీ అనుకున్నాను.

గురువారం ఆసుపత్రికి వెళ్ళాను. మంత్రిగారు రాలేదు, వాళ్ళ అటెండర్ వచ్చాడు. అమ్మ నీరసంగా ఉంది, పాదాలు ఉబ్బిపోయాయి.

"పోయిన వారం రోజు మార్చారు కదా, అప్పట్నుంచే ఇలా అయిపోయాను," అంది. "మధ్యలో ఎడం ఎక్కువై నీరు పట్టేసింది."

"మెషీన్లు రిపేరన్నారుగా అమ్మా."

"మెషీన్లకేం రోగం? పక్క మంచం ఆవిడకి గురువారమే చేశారటగా. మావాడే ఇక్కడి పెద్ద డాక్టర్ని అడిగి నాకు బుధవారం పెట్టించాడు. ఏదో ముఖ్యమైన పనుందన్నాడు." నా మొహం చూసి కంగారుపడింది. "ఏమైంది నాయనా, అలా అయిపోయావు?"

"ఏం లేదమ్మా. బీపీ... ఆ రోజు మీకు బీపీ పడిపోయిందటగా?"

"నాకా? లేదే. హాయిగా నిద్రపోయాను."

*

మంత్రిగారి గదిలో ఇంకా రంగు వాసన పోలేదు. బల్ల నిండా పూలగుత్తులు. నన్ను చూడగానే అతను లేచి తలుపు వేశాడు. కళ్ళజోడు కొత్తది.

"అమ్మ చెప్పింది," అన్నాను.

అతను దబాయిస్తాడనుకున్నాను. దబాయించలేదు. కుర్చీలో కూలబడ్డాడు.

"వ్యతిరేకంగా ఓటెయ్యమన్నారు. వేస్తే మంత్రి పదవి అన్నారు. ఒట్టు, వెయ్యలేకపోయాను. నీ మొహమే గుర్తొచ్చింది. అందుకే అసలు లోపలికే రానన్నాను."

"రానంటే ఒప్పుకున్నారా?"

అతను బల్ల వైపు చూశాడు.

"నువ్వొక్కడివి రాకపోతే సరిపోదన్నారు కదూ? ఇంకొకణ్ణి కూడా ఆపమన్నారు."

"ఇది చిన్న బిల్లు," అన్నాడు, గొంతు కూడదీసుకుని. "ప్రతిపక్షం తెస్తే ఎన్నిసార్లయినా పడగొడుతూనే ఉంటారు. ఇప్పుడు నేను లోపలున్నాను. రేపు ప్రభుత్వం తరఫునే ఇంకా పెద్ద చట్టం తెస్తాను. కాస్త ఓపిక పట్టు. అందరికీ మేలు జరుగుతుంది. ఆ అబ్బాయి ఉత్తరం విన్నావుగా?"

"విన్నాను. ఏడ్చాను కూడా."

"మరి?"

"మరేం లేదు. నువ్వు వ్యతిరేకంగా ఓటేసినా బాగుండేది డాక్టర్. అప్పుడు నీ ఓటు ఒక్కటే అమ్ముకున్నవాడివయ్యేవాడివి. నాది కూడా అమ్మేశావు. నా చెయ్యి పట్టుకుని మరీ అమ్మావు."

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నటన కాదు. అతను నన్ను ప్రేమించాడు, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. నా కడుపుమంటంతా అదే. ప్రేమించనివాడు మోసం చేస్తే నాలుగు తిట్లు తిట్టి మర్చిపోయేవాణ్ణి.

"మన సంతకం..." అన్నాడు.

"ఏ చట్టం కింద పెడదాం?"

తలుపు తట్టారు. ఫోటోగ్రాఫర్లు. మేమిద్దరం ఒకే గదిలో ఉన్నామని ఎవరో చెప్పేశారట. "సార్, ఇద్దరూ ఒకసారి చేతులు కలపండి! చరిత్ర సార్!" అని ఒకటే గోల. అతను చెయ్యి చాచాడు. కెమెరాల ముందు నేను ఆ చెయ్యి వదిలేస్తే రేపు ఆ అబ్బాయి పేపర్లో ఏం చూస్తాడా అనిపించింది. చెయ్యి కలిపాను. నవ్వమన్నారు. నవ్వాను. ఆ ఫోటో ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో గోడల మీద ఉందట. అక్క మాత్రం ఇంట్లోకి ఆ పేపర్ రానివ్వలేదు.

*

గురువారాలు ఆసుపత్రికి వెళ్ళడం మానేశాను. పిన్ని కూడా పెయిర్‌కి ఇంకొకరిని చూసింది. పెయిర్ అయితే దొరికింది గానీ, ఆ పూట మంత్రిగారు ఆసుపత్రికి కాదు, ప్రారంభోత్సవాలకు వెళ్తున్నారని తర్వాత తెలిసింది.

ఒకరోజు అమ్మే ఫోన్ చేసింది. "వాడికి ఎటూ తీరిక లేదు. నువ్వు కూడా రాకపోతే ఎలా నాయనా?"

కోపం కొడుకు మీద గానీ తల్లి మీద కాదు కదా. వెళ్ళాను. ఆవిడ ఇంకా చిక్కిపోయింది. మంచం పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను. మెషీన్ గిర్రున తిరుగుతోంది. ఆవిడ నా వేళ్ళు పట్టుకుంది.

"మీ ఇద్దరూ పోట్లాడుకున్నారా?"

"లేదమ్మా. పనులు."

"పనులు ఎప్పుడూ ఉండేవే. నేనుండగానే ఆ సంతకమేదో పెట్టేసుకోండి. వాడు ఒట్టి అమాయకుడు, పక్కన నీలాంటివాడు ఉండాలి. నా ఆశీర్వాదం మీకెప్పుడూ ఉంటుంది."

చెప్పేద్దామా అనుకున్నాను. అంతా, బుధవారంతో సహా. ఆవిడ ఉబ్బిన పాదాలు దుప్పటి కిందనుంచి కనిపిస్తున్నాయి.

"ఆ చట్టం రాలేదు కదమ్మా," అన్నాను.

"రాకపోతే ఏం?" అంది ఆవిడ. నీరసంగా ఉన్నా మొహం ఒక్కసారి వెలిగింది. "మావాడు మంత్రి అయ్యాడుగా. వాడే తెస్తాడులే."

"తెస్తాడమ్మా," అన్నాను.